తాత అంటాడా, అనేవాడా?

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా తాత మీద ఒక కథ రాసి క్లబ్‌కి పంపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకి ఉద్దానంలో మా కొబ్బరిచెట్లు పడిపోయిన సంగతి. ఎడిటింగ్ చూసే అక్క తిరిగి పంపిన ఫైల్లో అక్షరదోషాలు రెండే. పసుపు రంగు మాత్రం నలభై చోట్ల. పక్కన ఒకటే ప్రశ్న: "ఇంతకీ మీ తాతగారు ఉన్నారా, పోయారా?"

తాత పోయి రెండేళ్ళయింది. నా కథలో మాత్రం మొదటి పేరాలో "తోటకి వెళ్తాడు", రెండో పేరాలో "వెళ్ళేవారు", ఏడుపొచ్చే చోట ఏకంగా "వెళ్ళెను". ఒక్క మనిషికి మూడు వేషాలు వేసేశాను.

ఇంగ్లీషులో 'వెంట్' అంటే నేను వెళ్ళినా, వాళ్ళు వెళ్ళినా అదే క్రియ. మనకి అలా కుదరదు. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు. సర్వనామం క్రియ తోక పట్టుకునే ఉంటుంది. అందుకే సగం రాశాక 'అతను' తీసి 'ఆయన' పెడదాం అనుకుంటే ఫైండ్ అండ్ రీప్లేస్ పనికిరాదు. ప్రతి క్రియా మార్చాలి. ఒక్కటి మిగిలినా "తాతగారు వచ్చాడు" అని పంటి కింద రాయిలా తగులుతుంది.

మా ఇంట్లో "తాతొచ్చినాడు" అనే అంటాం. అందులో అమర్యాదేమీ లేదు. బయటివాళ్ళకి రాసేటప్పుడు "వచ్చారు" అన్నా తప్పు లేదు. రెండూ ఒకే కథనంలో ఉంటేనే చిక్కు. నేను ఇంటి మాటే ఉంచుకున్నాను.

ఇంకో తమాషా. తెలుగులో ఆమెకీ అదికీ క్రియ ఒకటే. "అమ్మ ఆవుకి గడ్డి వేసింది. అరిచింది." ఎవరరిచారు? అలాంటి చోట బద్ధకించకుండా పేరు మళ్ళీ రాయాల్సిందే.

ఆ "వెళ్ళెను" సంగతి. మనసు బరువెక్కగానే చేతికి గ్రాంథికం ఎందుకొస్తుందో నాకు తెలీదు. 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే గ్రాంథికం తప్పులు ఏరి చూపించారు. వాళ్ళే తడబడితే మనమెంత! విజయనగరంలో ఆయనతో కలిసి చదివిన గురజాడ కన్యాశుల్కంలో గిరీశానికి ఒక భాష, అగ్నిహోత్రావధానులుకి ఒక భాష ఇచ్చారు. అక్కడ మాట్లాడే మనిషిని బట్టి మాట మారుతుంది. నా కథలో మాట్లాడేది నేనొక్కణ్ణే, ఇక మారడానికి కారణమేముంది?

అక్క ఎక్కువ పసుపు పూసింది ఈ వాక్యానికి: "తాత అతను ఇల్లు వదిలి రాడు అని చెప్పాడు." ఇంగ్లీషు బుర్రతో రాసింది. చదివితే రానిది ఇంకెవరో అనిపిస్తుంది. తెలుగులో "తాను ఇల్లు వదిలి రానన్నాడు" అంటాం. చూడండి, 'తాను' అంటున్నా క్రియ 'రాను' అనే ఉంది. తాత నోటి మాట చెక్కుచెదరకుండా వాక్యంలోకి వచ్చి కూర్చుంది.

"నేను తలుపు తీసి, గాలి లోపలికొచ్చింది" కూడా తప్పే. బాలవ్యాకరణం క్త్వార్థకం అనే ఈ 'తీసి', 'వెళ్ళి' లాంటి వాటికి సొంత కాలం లేదు, చివరి క్రియ నుంచే తెచ్చుకుంటాయి. మామూలుగా రెండు పనులూ ఒకరే చేయాలి. "తలుపు తీయగానే గాలి వచ్చింది" అంటే సరి. "గాలి వీచి చెట్లు పడ్డాయి" మాత్రం చెల్లుతుంది, ఎందుకంటే మొదటిది రెండోదానికి కారణం.

మేము, మనం దగ్గర కూడా దొరికిపోయాను. "మేము వెళ్ళేసరికి మన చెట్లన్నీ పడిపోయాయి" అని రాశాను. పాపం, పాఠకుడి చెట్లు కూడా పడగొట్టేశాను!

ఒక్క చోట అక్కతో వాదించాను. మా నాయనమ్మ ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు, "పడుకున్నాం, దీపం ఆర్పేశాం" అని మొదలెట్టి, గాలి రాగానే "రేకులు ఎగిరిపోతన్నాయి, మీ తాత తలుపుకి అడ్డంగా నిలబడతాడు" అంటుంది. తెల్లారాక మళ్ళీ భూతకాలమే. అది తడబాటు కాదు. గాలి లేచిన దగ్గర్నుంచి ఆగేదాకా మొత్తం అలాగే నడుపుతుంది, మధ్యలో జారదు. నేనూ అలాగే తిరగరాశాను. అక్క ఒప్పుకుంది.

చివరి వాక్యం దగ్గర మాత్రం కుదర్లేదు. తుపాను తర్వాత కొత్త మొక్కలు నాటుతూ తాత అన్న మాట అది. "కాపుకి ఏడేళ్ళు పడతాది, పట్టనీ అంటాడు తాత" అని రాశాను. అక్క 'అనేవాడు' అని దిద్దింది. వ్యాకరణం ప్రకారం తనదే రైటు. నేను మళ్ళీ 'అంటాడు' అని మార్చి పంపాను. ఆ మొక్కలు ఇప్పుడు నా తల దాటాయి. ఫైల్ ఇంకా తన దగ్గరే ఉంది.