బోరు నీళ్లు నేచురలే, మరి తాగొచ్చా? సైనిక్‌పురి పిల్లల నీటి పాఠం

ఈసారి వీడియో పొలంలో తీయలేదు. సైనిక్‌పురిలో ఒక స్కూల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో తీశాం. ఆ కాలనీలకు వారానికి రెండుసార్లు మా కూరగాయలు వేస్తుంటాను. మా దగ్గర కొనే ఒక టీచర్ మేడమ్, "పిల్లలతో తాగునీటి శుద్ధి ప్రాక్టికల్ చేయిస్తున్నాం, మీ పొలం బోరు నీళ్లు ఒక క్యాన్ తెస్తారా?" అని అడిగారు. మా పొలం నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ పేరు వింటేనే ఎందుకు అడిగారో మీకు అర్థమై ఉంటుంది. బోరు నీళ్లతో పాటు ఫార్మ్ పాండ్ బురద నీళ్లు కూడా ఒక క్యాన్ పట్టుకెళ్లాను.

ప్రయోగాలు వీడియోలో ఉన్నాయి. అవి ఎందుకు అలా పని చేస్తాయో, మన ఇంటికి, పొలానికి ఎలా పనికొస్తాయో ఇక్కడ రాస్తున్నా.

1. బురద నీళ్లు తేటపడటం

పిల్లలు పాండ్ నీళ్లు మూడు బీకర్లలో పోశారు. ఒకదాంట్లో పటిక, ఒకదాంట్లో మునగ గింజల పొడి వేశారు. మూడోదాన్ని అలాగే వదిలేశారు. ఒక నిమిషం గట్టిగా, తర్వాత పది నిమిషాలు మెల్లగా కలిపి పక్కన పెట్టారు. అరగంటకి మొదటి రెండూ తేటపడ్డాయి, మూడోది బురదగానే ఉంది.

కారణం ఇది. సన్నటి బంకమట్టి రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది. అయస్కాంతాల ఒకే ధ్రువాల లాగా అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకే అడుక్కి దిగవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, నీళ్లలో జిగురు లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి మట్టిని పట్టుకుని కిందికి లాగుతుంది. మునగ గింజలో ధనావేశం ఉన్న ప్రోటీన్ ఉంటుంది, అదీ ఇలాంటి పనే చేస్తుంది. మన పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపింది కూడా నీళ్లు తేటపరచడానికే.

మునగ గింజ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. గింజలోని సేంద్రియ పదార్థం కొంత నీళ్లలోనే మిగులుతుంది. ఎక్కువసేపు నిల్వ ఉంచితే వాసన వస్తుంది.

2. తేట నీళ్లు అంటే మంచి నీళ్లు కాదు

మట్టి దిగితే క్రిములు కొన్ని దాంతో పాటు దిగుతాయి, అన్నీ దిగవు. అందుకే తర్వాతి మెట్టు బ్లీచింగ్ పౌడర్. ఇది నీళ్లలో హైపోక్లోరస్ ఆమ్లాన్ని ఇస్తుంది. క్రిముల్ని చంపేది అదే.

వరుస ముఖ్యం. బురద ఉండగా క్లోరిన్ వేస్తే, నీళ్లలోని చెత్తే దాన్ని తినేస్తుంది, క్రిముల దాకా పోదు. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్ల తేట నీళ్లకు సుమారు 2.5 గ్రాములు. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి, గంట ఆగాలి. మూత తీసిన పాత పౌడర్‌లో బలం పోతుంది. అందుకే చివర్లో క్లోరోస్కోప్‌తో చూసుకోవాలి. మన గ్రామ పంచాయతీల్లో వాడేది ఇదే. మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం.

3. మా బోరు నీళ్ల వంతు

మా నీళ్లు గ్లాసులో పోస్తే అద్దంలా ఉన్నాయి. వాసన లేదు, మట్టి లేదు. పిల్లలు ముందే "ఇవే బెస్ట్" అని రాసేసుకున్నారు. మేడమ్ జిర్కోనియం-అలిజరిన్ ద్రావణం వేయించారు. ఎర్రగా ఉండాల్సిన రంగు పసుపు వైపు తిరిగింది. నీళ్లలోని ఫ్లోరైడ్ ఆ రంగులో నుంచి జిర్కోనియాన్ని లాక్కుంటుంది, అందుకే రంగు మారుతుంది. మా ఇంట్లో ఆ బోరు నీళ్లు తాగం, పంటకే వాడతాం.

ఫ్లోరైడ్‌ని ఎవరూ తెచ్చి పోయలేదు. మన గ్రానైట్ రాళ్లలోనే ఉంది. నీళ్లు లోతులో చాలాకాలం రాయిని ఆనుకుని ఉంటే కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే కొంత ఫ్లోరైడ్‌ని పట్టి ఉంచుతుంది. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైన చోట అది నీళ్లలోనే ఉండిపోతుంది. పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. దాటితే ముందు పిల్లల పళ్ల మీద గారలు, ఏళ్లు గడిస్తే ఎముకలు, కీళ్లు. 1934లోనే హైదరాబాద్ సంస్థానంలో పశువుల్లో ఈ జబ్బు గురించి రాశారు. మనుషుల్లో ఇది ఫ్లోరోసిస్ అని 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు.

కాచి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. కాస్తే క్రిములు చస్తాయి, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది.

దీనికి 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి కలిపి, గంట తేర్చి, వడకట్టడం. మొదటి ప్రయోగంలో మట్టిని పట్టిన ఆ అల్యూమినియం హైడ్రాక్సైడే ఇక్కడ ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది. 1980లో కదిరిలో ఈ పద్ధతితో ఊరి మొత్తానికి ప్లాంట్ కట్టారు. పిల్లలు బకెట్‌లో చేసి మళ్లీ పరీక్షిస్తే రంగు కొంత వెనక్కి వచ్చింది. పూర్తిగా రాలేదు.

దీని ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫ్లోరైడ్‌ కోసం పటిక మామూలు కంటే చాలా ఎక్కువ పడుతుంది. మోతాదు ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌ని, క్షారతని బట్టి మారుతుంది. తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది. రోజూ మడ్డి తీయాలి. అందుకే పరీక్ష లేకుండా ఇంట్లో అందాజుగా చేయొద్దు. ఊళ్లకు నిలకడైన దారి నది నీళ్లే. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ పనే చేసింది. హైదరాబాద్‌కి వచ్చే కృష్ణా నీళ్లు కూడా మన నల్గొండ జిల్లా కోదండాపురంలోనే శుద్ధి అవుతాయి.

పిల్లాడి ప్రశ్న

ఒకబ్బాయి అడిగాడు: "అంకుల్, మీరు కెమికల్స్ వాడరు కదా. మరి ఈ పటిక, బ్లీచింగ్ ఎలా ఒప్పుకుంటారు?"

నేను చెప్పింది ఇది. నేలలో మందులు వద్దంటాం, ఎందుకంటే అక్కడ బతకాల్సిన జీవులు ఉన్నాయి. తాగే బిందెలో కలరా, టైఫాయిడ్ క్రిములు బతకాల్సిన పని లేదు. మన వాళ్లలో "బోరు నీళ్లు నేచురల్, నల్లా నీళ్లు కెమికల్" అనే మాట ఎక్కువైంది. ఫ్లోరైడ్ కూడా నేచురలే కదా! పేరు చూసి కాదు, ఏది ఎంత ఉందో కొలిచి నిర్ణయించుకోవాలి.

మనం చేయాల్సినవి

- తాగే బోరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్‌కి గాజు సీసా వద్దు.
- టీడీఎస్ మీటర్‌ని నమ్ముకోవద్దు. అది కరిగిన లవణాల మొత్తాన్ని చూపిస్తుంది. ఫ్లోరైడ్ ఎంతో, క్రిములున్నాయో లేదో చెప్పదు.
- ఆర్‌వో ఫ్లోరైడ్‌ని తీస్తుంది, కానీ తీసిందంతా వదిలేసే నీళ్లలో చేరుతుంది. వాటిని పశువుల తొట్టిలో పోయకండి.
- బోరులో ఫ్లోరైడ్ ఉంటే ఎడ్లకు, ఆవులకు కూడా వేరే నీళ్లు చూడండి. వాటికీ కీళ్లు పడతాయి.
- జీవామృతానికి క్లోరిన్ ఉన్న నల్లా నీళ్లు నేరుగా వాడకండి. వెడల్పు తొట్టిలో ఒక రోజు ఎండకు ఉంచితే చాలావరకు క్లోరిన్ పోతుంది.
- పటిక మడ్డిని పొలంలో, కంపోస్టులో వేయకండి.

ల్యాబ్‌కి శాంపిల్ ఎలా పట్టాలి, రిపోర్టులో ఏ లైన్లు చూడాలి అన్నది వచ్చే వీడియోలో మా బోరు దగ్గరే చేసి చూపిస్తాను. ఈలోపు మీ ఇంట్లో చిన్నపిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో ఒకసారి చూసుకోండి. పళ్లు, ఎముకలు తయారయ్యే వయసు వాళ్లది, ముందు దెబ్బ వాళ్లకే.