రెండు కొసలూ చూడని ప్రోగ్రాం: కోబాల్, ఆర్‌పీజీల్లో కీ రేంజ్‌పై అపోహలు – వాస్తవాలు

కర్నూలు, కడపల నుంచి కోర్సుల కోసం హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లే పిల్లల్లో మెయిన్‌ఫ్రేమ్, ఏఎస్/400 వైపు మళ్లేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. ఫైలంతా చదవకుండా ఈ కీ నుంచి ఆ కీ వరకు ఉన్న రికార్డులే తీయడం వాళ్లకు రోజూ ఉండే పని. ఇందులో పొరపాటు జరిగితే ప్రోగ్రాం ఆగదు, ఎర్రర్ రాదు. జాబితాలో కొన్ని వరుసలు తగ్గుతాయి, లేదా పరాయివి వచ్చి చేరతాయి, అంతే. అందుకే ఈ విషయంలో అపోహలు ప్రమాదకరం.

మనందరికీ తెలిసిన అడంగల్ లాంటి ఫైలునే ఉదాహరణగా తీసుకుందాం. గ్రామం కోడ్, సర్వే నంబరు, సబ్‌డివిజన్ మూడూ కలిస్తే కీ. ప్రభుత్వ సైట్లు కోబాల్, ఆర్‌పీజీ భాషల్లో నడుస్తున్నాయని కాదు, లెక్క సులువుగా అర్థమవుతుందని.

అపోహ: ఈ భాషల కాలం చెల్లింది.

వాస్తవం: కోబాల్, ఆర్‌పీజీ రెండూ 1959లో మొదలైనవే. కానీ 2020 ఏప్రిల్‌లో, కరోనా వేళ నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడిగారు. ఆర్‌పీజీ నడిచే ఐబీఎం యంత్రం ఏఎస్/400 వచ్చింది 1988లో. దాని వారసుడైన ఐబీఎం ఐ మీద ఆర్‌పీజీ ఇప్పటికీ నడుస్తోంది.

అపోహ: సెట్‌ఎల్‌ఎల్ ఇస్తే రికార్డు చేతికొచ్చినట్టే.

వాస్తవం: ఆర్‌పీజీలో సెట్‌ఎల్‌ఎల్, కోబాల్‌లో స్టార్ట్ చేసేది ఫైల్లో ఒకచోట నిలబెట్టడమే. కడప బస్సు కోసం నంద్యాల బస్టాండులో నిలబడినంత మాత్రాన బస్సెక్కినట్టు కాదు కదా! ఆ తర్వాత రీడ్ గానీ, రీడ్ నెక్స్ట్ గానీ ఇస్తేనే రికార్డు వస్తుంది. ఇవ్వకుండా ఫీల్డులు వాడితే అంతకుముందు చదివిన రికార్డు విలువలే మళ్లీ అచ్చవుతాయి.

అపోహ: మొదటి కీ ఫైల్లో లేకపోతే ఆ రేంజ్‌లో ఏమీ లేనట్టే.

వాస్తవం: ఒక గ్రామంలో సర్వే నంబర్లు 145 నుంచి 160 వరకు కావాలనుకుందాం. 145 ఫైల్లో లేదు, 146 ఉంది. సెట్‌ఎల్‌ఎల్ 146 దగ్గర నిలబడుతుంది. అప్పుడు ఈక్వల్ ఫంక్షన్ ‘కాదు’ అంటుంది, ఫౌండ్ ఫంక్షన్ ‘అవును’ అంటుంది. ఈక్వల్ చూసి వెనుదిరిగితే మిగతా పదిహేను నంబర్లూ పోయినట్టే. కోబాల్‌లోనూ అంతే. స్టార్ట్‌కు ‘సమానం’ అని షరతు పెడితే ఫైల్ స్టేటస్ 23 వస్తుంది, ‘తక్కువ కానిది’ అని పెడితే 146 దగ్గర చక్కగా నిలబడుతుంది.

అపోహ: ఆఖరి సర్వే నంబరు దాటిందా అని చూసుకుంటే చాలు.

వాస్తవం: ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. ఆ గ్రామంలో సర్వే నంబర్లు 158తోనే అయిపోయాయనుకోండి. మామూలు రీడ్ 158 తర్వాత పక్క ఊరి 1వ నంబరును తెచ్చిస్తుంది. 1 అనేది 160 కంటే తక్కువే కాబట్టి ‘160 దాటిందా’ అనే ఒక్క షరతు దాన్ని ఆపలేదు. పక్క ఊరి 1 నుంచి 160 దాకా రైతులంతా ఈ ఊరి జాబితాలోకి వచ్చేస్తారు. ఆర్‌పీజీలో గ్రామం కోడ్ ఒక్కదానితో రీడ్‌ఈ వాడితే ఊరు మారగానే ఆగుతుంది. సర్వే నంబరు 160 దాటిందా అన్నది మాత్రం మనమే చూడాలి. రీడ్‌ఈకి తెలిసింది ‘సమానం’ ఒక్కటే, ‘వరకు’ తెలియదు. కోబాల్‌లో రెండు షరతులూ మనమే రాయాలి.

అపోహ: 99 తర్వాతే 100 వస్తుంది.

వాస్తవం: కీ అంకెల ఫీల్డు అయితేనే. అక్షరాల ఫీల్డులో 100 ముందు, 99 వెనుక. 145/10 ముందు, 145/2 వెనుక. ముందు సున్నాలు పెట్టి 0099, 0100 అని ఒకే పొడవులో దాచడమే దారి. ఇంకో చిక్కూ ఉంది. ఐబీఎం పెద్ద యంత్రాల్లోని ఎబ్సిడిక్ కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. మన పీసీల్లోని ఆస్కీలో అంకెలే ముందు. మెయిన్‌ఫ్రేమ్‌లో సరిగ్గా వచ్చిన రేంజ్ పీసీకి మార్చాక తప్పు చూపించడానికి ఇదొక కారణం.

అపోహ: పేరునే కీగా పెట్టుకోవచ్చు.

వాస్తవం: కడప జిల్లానే చూడండి. ఇంగ్లీషులో ‘సి’తో మొదలయ్యే స్పెల్లింగ్ 2005లో ‘కె’కు మారింది. 2010లో వైఎస్సార్ జిల్లా అయి ‘వై’లోకి వెళ్లింది. పేరు కీ అయితే ఒకే జిల్లా రికార్డులు మూడుచోట్ల చెదిరిపోతాయి, ‘కె’తో మొదలయ్యేవే తీసే రిపోర్టుకు పాతవీ దొరకవు, కొత్తవీ దొరకవు. కోడ్‌కూ హద్దులు మారతాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది. ‘ఈ మండలం కోడ్ నుంచి ఆ కోడ్ వరకు కర్నూలే’ అని ప్రోగ్రాంలో రాసుకున్నవాళ్లకు ఆ రోజు నుంచి ఆ రేంజ్ చెల్లదు.

అపోహ: రేంజ్ చదువుతూనే కీ విలువ మార్చినా నష్టం లేదు.

వాస్తవం: 1976లో ఐబీఎం పరిశోధకులు 25,000 డాలర్ల లోపు జీతాలను పది శాతం పెంచబోయారు. జీతం ఇండెక్సు వరుసలో చదువుతున్నారు గనుక పెరిగిన రికార్డు ముందుకు జరిగి మళ్లీ ఎదురైంది, మళ్లీ పెరిగింది. చివరికి అందరి జీతమూ కనీసం 25,000కు చేరింది. హాలోవీన్ రోజున బయటపడింది కాబట్టి దానికి హాలోవీన్ సమస్య అనే పేరు స్థిరపడింది. మార్చాల్సిన కీలను ముందు విడిగా రాసుకుని, ఆ తర్వాతే మార్చండి.

అపోహ: ఎస్‌క్యూఎల్‌కు మారితే ఈ బాధలన్నీ పోతాయి.

వాస్తవం: అక్షరాల వరుస అక్కడా అక్షరాల వరుసే. తేదీతోపాటు టైమ్ కూడా ఉన్న ఫీల్డులో బిట్వీన్ వాడి పై హద్దు మార్చి 31 అని ఇస్తే, ఆ రోజు మొదటి క్షణం దగ్గరే గీత పడుతుంది. ఆ పగలు నమోదైనవేవీ రావు. ఒక తేదీ నుంచి ఒక తేదీ వరకు ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) అడిగినవారికి ఆ ఒక్క రోజు రిజిస్ట్రేషనే కీలకం కావచ్చు. పై హద్దును ‘ఏప్రిల్ 1 కంటే ముందు’ అని రాయండి.

ప్రోగ్రాం అప్పగించే ముందు నాలుగు పరీక్షలు చేయండి: మొదటి కీ లేని రేంజ్, ఆఖరి కీ లేని రేంజ్, ఊరి చివరి నంబరు దాటిన రేంజ్, ఫైలు చివరి ఊరు. మధ్యలో ఉన్న రికార్డులు ఎలా రాసినా వస్తాయి. తప్పిపోయేవి కొసన ఉన్నవే. కౌంటర్ దగ్గర నిలబడ్డ రైతుకు మాత్రం ‘మీ పేరు లేదు’ అన్న జవాబే వినిపిస్తుంది. తప్పు ఆయన కాగితంలో లేదని, మన షరతులో ఉందని ఆయనకు తెలిసే దారి లేదు. చూడాల్సింది మనమే.