నంబరు నొక్కినా మోగని ఫోను: లోపం డయల్ ప్లాన్‌లో!

పెట్టెలో లెక్క తప్పితే ఆపదలో 108 కూడా పలకదు

గ్రామాలలో రాగి తీగ టెలిఫోను పోయి ఫైబర్ టెలిఫోను వస్తోంది. గోడకు బిగించిన చిన్న పెట్టెలోకి ఒక సన్నని తీగ వస్తుంది. ఇంటర్నెట్ దాని నుంచే, ఫోను దాని నుంచే. పాత ఫోనునే పెట్టె వెనుక గుచ్చి వాడుకోవచ్చు. అయితే నంబరు నొక్కాక చాలాసేపు ఉలుకూ పలుకూ లేకపోవడం, సగంలోనే తెగిపోవడం, ఒక్కోసారి వేరెవరికో పోవడం ఈ ఫోన్లలో కనిపించే ఇబ్బందులు. ఇలా జరిగితే ఫోను చెడిపోయిందనుకోవడం సహజం. కాని చాలాసార్లు లోపం ఫోనులో వుండదు. పెట్టెలోని 'డయల్ ప్లాన్'లో వుంటుంది.

పూర్వం ట్రంకు కాల్ బుక్ చేస్తే ఆపరేటరు కలిపేవారు. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య దేశంలో తొలి ఎస్.టి.డి. మొదలైంది. క్రమంగా కలిపే పని ఎక్స్చేంజి యంత్రాలదైంది. చందాదారు తిప్పిన అంకెలను ఒక్కొక్కటిగా ఎక్స్చేంజి అందుకునేది. ఇంటర్నెట్ ఫోను తీరు వేరు. అంకెలు ముందు ఇంట్లోని పెట్టెలోనే పోగవుతాయి. నంబరు పూర్తయిందని తేలాక పెట్టె మొత్తం ఒక్కసారిగా పంపుతుంది. పూర్తయిందో లేదో తేల్చడానికి పెట్టెకు రాసి ఇచ్చిన లెక్కే డయల్ ప్లాన్. కొన్ని పెట్టెలలో దీనినే 'డిజిట్ మ్యాప్' అంటారు.

లెక్క ఏమిటి?

సెల్ నంబరు 10 అంకెలు. ఎస్.టి.డి. కోడు, నంబరు కలిపినా 10 అంకెలే. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు 0 నొక్కడం 2021 జనవరి 15 నుంచి తప్పనిసరి అయింది. కనుక 0 తర్వాత పది అంకెలు రాగానే పంపమని ప్లాన్‌లో రాయాలి. రెండో అంకె కూడా 0 అయితే అది విదేశీ నంబరు. దేశాన్ని బట్టి అంకెలు మారతాయి కాబట్టి అక్కడ పెట్టె కాసేపు ఆగి పంపాలి. చాలా పెట్టెలలో చివర # నొక్కితే ఆగకుండా పోతుంది.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. ఖమ్మం కోడు 08742, అక్కడి నంబరు 6 అంకెలు. విజయవాడ కోడు 0866, నంబరు 7 అంకెలు. హైదరాబాదు కోడు 040, నంబరు 8 అంకెలు. కోడు లేకుండా స్థానిక నంబరు నొక్కేచోట హైదరాబాదు లెక్క రాసిన పెట్టెను ఖమ్మంలో పెడితే, ఆరు అంకెలు నొక్కాక మరో రెండింటి కోసం కాచుకుంటుంది. ఖమ్మం లెక్కను విజయవాడలో పెడితే ఏడో అంకె నొక్కక ముందే పంపేస్తుంది. ల్యాండ్‌లైన్ల మధ్య కూడా 0, కోడు కలిపి నొక్కే పద్ధతి పెట్టాలని ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. అది అమలయ్యేచోట ప్లాన్ కూడా మార్చాలి.

ప్రాణాల మీదికి రావచ్చు

అసలు ప్రమాదం చిన్న నంబర్లతోనే. అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి గుండెనొప్పి వస్తే 108 నొక్కుతారు. ప్లాన్‌లో ఆ నంబరు లేకపోతే పెట్టె ఇంకా అంకెలు వస్తాయేమోనని కాచుకుంటుంది, లేదా నంబరే చెల్లదని తిరస్కరిస్తుంది. పోనీ 1తో మొదలయ్యే మూడు అంకెలన్నిటినీ వెంటనే పంపమని రాస్తే మరో చిక్కు. కరెంటు ఫిర్యాదుల 1912 నంబరు 191 వద్ద, సైబరు మోసాల 1930 నంబరు 193 వద్ద తెగిపోతాయి. రైతులు పిలిచే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కూడా 180 వద్దే ఆగిపోతుంది. అందుచేత 100, 101, 108, 112 నంబర్లను విడివిడిగా రాయడమే మేలు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. రాగి తీగ ఫోనుకు ఎక్స్చేంజి నుంచే కరెంటు వచ్చేది. ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. కరెంటు పోతే ఫోనూ పోతుంది. ఇన్వర్టరో, చిన్న బ్యాటరీయో లేని ఇంట్లో ఆపద వేళ దీనిని నమ్ముకోరాదు.

వినియోగదారులు చేయవలసింది

పెట్టె బిగించిన మనిషి వెళ్లకముందే ఒక సెల్ నంబరుకు, ఒక ల్యాండ్‌లైన్‌కు, 1912కు, కిసాన్ కాల్ సెంటర్‌కు చేసి చూడాలి. 108, 112లను మాత్రం పరీక్ష కోసం పిలవరాదు, అక్కడ నిజమైన ఆపదలో వున్నవారి లైను అడ్డగించినట్లవుతుంది. ప్లాన్‌లో ఆ నంబర్లు రాసి వున్నాయో లేదో చూపించమని అడగాలి. పెట్టె మార్చినా, రీసెట్ చేసినా పాత లెక్క పోయే అవకాశం వుంది కనుక మళ్లీ పరీక్షించుకోవాలి.

ప్లాన్ సరిచేయడం తెలిసినవారికి పెద్ద పని కాదు. కనెక్షన్ ఇచ్చే సిబ్బంది ఆ కాస్త శ్రద్ధ చూపవలసి వుంది. ఇంట్లో వృద్ధులే వుండే గ్రామాలలో దీని అవసరం మరీ ఎక్కువ.