కారం ప్యాకింగ్ యంత్రం: వేగం కన్నా తూకం, సీలు ప్రధానం

వరంగల్: ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డుకు సీజన్‌లో వచ్చే ఎండుమిర్చిలో అధిక భాగం కాయ రూపంలోనే చేతులు మారుతుంది. అడ్తి దుకాణం నుంచి ఖరీదుదారుకు, అక్కడి నుంచి శీతల గిడ్డంగికి లేదా ఇతర రాష్ట్రాలకు బస్తాలు వెళ్ళిపోతాయి. ఆ కాయనే ఇక్కడ కారంగా ఆడించి, సొంత పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్మితే లాభం మిగులుతుందన్న ఆలోచన వర్తకులలో చాలామందికి వున్నదే. కాయను ఎంచడం వారికి తెలిసిన విద్య. పల్వరైజర్ కొనడమూ పెద్ద చిక్కు కాదు. అసలు చిక్కు పొడిని నింపి, సీలు వేసే యంత్రం దగ్గర వస్తుంది.

యంత్రం బేరానికి వెళ్ళినవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న నిమిషానికి ఎన్ని ప్యాకెట్లు అన్నది. లాభనష్టాలను నిర్ణయించేవి మాత్రం మరో రెండు ప్రశ్నలు. ప్రతి ప్యాకెట్‌లో నిజంగా ఎన్ని గ్రాములు పడుతున్నవి? వేసిన సీలు దుకాణం అలమరలో నెలల తరబడి నిలుస్తుందా?

విడి అమ్మకానికి వీలు లేదు

పొడి చేసిన మసాలా దినుసులను ప్యాక్ చేయకుండా అమ్మరాదని ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. కనుక కారం, పసుపు, ధనియాల పొడి వ్యాపారంలో దిగేవారికి ప్యాకింగ్ తప్పనిసరి. ఆ నిబంధనల ప్రకారం కారంలో తేమ 11 శాతానికి, పసుపులో 10 శాతానికి, ధనియాల పొడిలో 12 శాతానికి మించరాదు. ప్యాక్ చేసిన రోజున ఈ లెక్క సరిపోతే చాలదు. వానాకాలంలో అలమరలో కూర్చున్న ప్యాకెట్‌లోనూ సరిపోవాలి. సీలు, ఫిల్ము మంచివి కానప్పుడు మిల్లులో ఎంత జాగ్రత్త తీసుకున్నా ఫలితం వుండదు.

ఇక తూకం విషయం. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం ఒక్కొక్క ప్యాకెట్‌లో అనుమతించే గరిష్ఠ తేడాకు పరిమితులు వున్నాయి. 50 గ్రాముల వరకు 9 శాతం, 50 నుంచి 100 గ్రాముల వరకు 4.5 గ్రాములు, 100 నుంచి 200 గ్రాముల వరకు 4.5 శాతం, 300 నుంచి 500 గ్రాముల వరకు 3 శాతం, 500 గ్రాముల నుంచి కిలో వరకు 15 గ్రాములు. ఈ పరిమితి వున్నదని ప్రతి ప్యాకెట్‌లోనూ నాలుగు గ్రాములు తగ్గించవచ్చునని అనుకోరాదు. తనిఖీకి తీసిన ప్యాకెట్ల సగటు తూకం, ప్యాకెట్‌పై అచ్చు వేసిన తూకానికి తగ్గరాదు.

రెండు గ్రాముల ఖరీదు

తూకంలో నిలకడ లేని యంత్రం కొన్న వర్తకుడు కేసు భయంతో ఒక పని చేస్తాడు. 100 గ్రాముల ప్యాకెట్‌కు యంత్రాన్ని 102 గ్రాముల వద్ద నిలుపుతాడు. రెండు గ్రాములే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే సంగతి బోధపడుతుంది.

నిమిషానికి 30 ప్యాకెట్ల చొప్పున రోజుకు 6 గంటలు నికరంగా నడిస్తే 10,800 ప్యాకెట్లు దిగుతాయి. ప్యాకెట్‌కు 2 గ్రాములు ఎక్కువ పోతే రోజుకు 21 కిలోల 600 గ్రాములు. ఏడాదిలో 300 పనిదినాలు అనుకుంటే 6,480 కిలోలు, అంటే సుమారు 65 క్వింటాళ్ళ కారం. కిలో 200 రూపాయలుగా లెక్క కట్టినా 12 లక్షల 96 వేల రూపాయలు. కాంటా దగ్గర క్వింటాలుకు కిలో తరుగు తీస్తామంటే గొడవ పడే వ్యాపారంలో, ఇది క్వింటాలుకు రెండు కిలోల తరుగుతో సమానం. పైగా ఇది కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికి కనిపించదు.

నిలకడగా ఒక గ్రాము లోపు తేడాతో నింపే యంత్రానికి ధర ఎక్కువ పెట్టవలసి వస్తే ఆ అదనపు సొమ్మును ఈ లెక్కతో పోల్చి చూసుకోవాలి. చౌక యంత్రం ఖరీదు బిల్లుతో ముగియదు. అది రోజూ హాపర్ నుంచి కొంత కారాన్ని తీసుకుంటూనే వుంటుంది.

కప్పు పద్ధతి, స్క్రూ పద్ధతి

నింపే పద్ధతులు ముఖ్యంగా రెండు. కప్పు పద్ధతిలో తిరిగే పళ్ళెంలోని గిన్నెలు నిండి, ఖాళీ అవుతాయి. పంచదార, ఆవాలు, బియ్యం వంటి జారుడు సరకుకు ఇది చక్కగా సరిపోతుంది. కారం, పసుపు అలా జారవు. గిన్నె గోడలకు అంటుకుంటాయి, హాపర్‌లో గూడు కడతాయి. వాటికి స్క్రూ పద్ధతి కావాలి. దీనినే వ్యాపారంలో ఆగర్ అంటారు. నిలువు గొట్టంలో స్క్రూ నిర్ణీతమైన చుట్లు తిరిగి, అంత పొడిని కిందికి దించుతుంది. పొడి గూడు కట్టకుండా హాపర్‌లో కలియదిప్పే చేయి ఒకటి వుంటుంది.

ఆగర్ తూచదు, కొలుస్తుంది. ఈ విషయాన్ని కొనేవారు బాగా గుర్తుంచుకోవాలి. అది దించేది ఘనపరిమాణాన్ని. మిల్లు నుంచి అప్పుడే దిగిన కారం వేడిగా, గాలి పట్టి పొంగి వుంటుంది. అదే కారం రాత్రంతా నిలువ వుంటే అణగిపోతుంది. స్క్రూ అవే చుట్లు తిరిగినా ఉదయం పడిన తూకం, సాయంత్రం పడిన తూకం ఒకటి కావు. జల్లెడ మారినా, తేమ మారినా, తేజ రకం నుంచి చపాటాకు మారినా తూకం కదులుతుంది. అందువల్ల పొడిని పూర్తిగా చల్లారనిచ్చి, ఒక కలపకం అంతా ఒకే తీరుగా వుండేలా చూసుకుని హాపర్‌లో పోయడం అవసరం. వేడి పొడిని నింపితే మరో ప్రమాదం వుంది. ప్యాకెట్ లోపల ఆవిరి చెమటగా మారి గడ్డలు కడతాయి.

స్క్రూ సైజు కూడా ముఖ్యమే. చుట్టుకు 10 గ్రాములు దించే స్క్రూ 100 గ్రాముల ప్యాకెట్‌కు పది చుట్లు తిరుగుతుంది. ఆగే చోట పదో వంతు చుట్టు తేడా వస్తే ఒక గ్రాము, అంటే ఒక శాతం మారుతుంది. అదే స్క్రూతో 10 గ్రాముల ప్యాకెట్ నింపితే ఆ ఒక్క గ్రామే 10 శాతం అవుతుంది. చట్టం ఒప్పుకునే 9 శాతాన్ని అది దాటిపోతుంది. 10 గ్రాముల నుంచి అరకిలో వరకు అన్నీ మా యంత్రం చేస్తుందని అమ్మకందారు చెబితే, ఎన్ని స్క్రూలతో అని అడగాలి. ప్యాకెట్ వెడల్పు మారినప్పుడు ఫిల్మును సంచిగా మలచే కాలర్ కూడా మార్చవలసి వుంటుంది. ఈ విడి భాగాల ధర మొదటి కొటేషన్‌లోనే రాయించుకోవడం మేలు.

స్క్రూను తిప్పే మోటారులో పాత క్లచ్-బ్రేక్ పద్ధతి కన్నా సర్వో పద్ధతి చుట్లను కచ్చితంగా లెక్కిస్తుంది. బ్రేకు అరిగేకొద్దీ క్లచ్ యంత్రం తూకం జారుతుంది. సర్వోలో ఆ ఇబ్బంది తక్కువ. అయితే చెడిపోతే బాగుచేసే మనిషి దగ్గరలో వున్నాడో లేడో విచారించుకోవాలి.

సీలుకు శత్రువు దుమ్ము

ప్యాకెట్లు తిరిగి రావడానికి ప్రధాన కారణం పై సీలు విడిపోవడం. అందుకు వేడి చాలకపోవడమే కారణమని ఆపరేటర్ వేడి పెంచుతాడు. చాలా సందర్భాలలో అసలు కారణం సీలు పడే చోట చిక్కుకున్న పొడి. స్క్రూ ఆగిన తరువాత కూడా గొట్టం కొన నుంచి కారం కొంచెం రాలుతుంది. పైనుంచి పడిన పొడి సంచిలో పొగలా లేస్తుంది. ఆ దుమ్ము అణగక ముందే దవడలు మూసుకుంటే ఫిల్ముకూ ఫిల్ముకూ మధ్య కారం ఇరుక్కుంటుంది. పైకి సీలు గట్టిగా కనిపించినా గాలి దూరే సందు మిగిలిపోతుంది.

ఇందుకు నాలుగు విషయాలు చూసుకోవాలి. గొట్టం కొనకు రాలుడును ఆపే ఏర్పాటు వున్నదా? గొట్టం సంచిలోకి వీలైనంత కిందికి దిగుతున్నదా? దుమ్మును లాగే గొట్టం వున్నదా? సంచిలో పొడి పైన తగినంత ఖాళీ వదులుతున్నారా? వేగం పెంచినకొద్దీ దుమ్ము అణగే వ్యవధి తగ్గిపోతుంది. నిమిషానికి 60 అని చెప్పిన యంత్రాన్ని మెత్తని పొడితో 35 వద్ద నడపవలసి రావడానికి కారణం ఇదే.

దవడలను గాలితో నడిపే యంత్రానికి కంప్రెసర్ కావాలి. గాలిలోని నీటిని వేరు చేసే ఫిల్టరు లేకపోతే తేమ వాల్వులను పాడు చేస్తుంది. కంప్రెసర్ కరెంటు ఖర్చును యంత్రం ఖర్చులో కలిపి చూడాలి.

రంగు అమ్ముకునే ఊరికి ఫిల్ము

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ అన్నది ఈ కాయకు వున్న పేరు. ఆ ఎరుపు వెలుతురుకు, గాలికి తరిగిపోతుంది. అద్దంలా కనిపించే పలుచని పాలిథీన్ సంచిలో కారం మొదటి రోజున అందంగానే వుంటుంది. ఎండ తగిలే దుకాణంలో కొన్ని వారాలు వుంటే పాలిపోతుంది, వాసన కూడా బయటికి పోతుంది. పాలిస్టర్ పొరకు పాలిథీన్ పొర అతికించిన ఫిల్ము ఇంతకన్నా మేలు. మధ్యలో లోహపు పూత వున్న ఫిల్ము వెలుతురును ఆపడంలో ఇంకా మేలు. రంగు చూపించుకోవాలనుకునే వర్తకుడు ప్యాకెట్‌లో చిన్న కిటికీ విడిచి, మిగతా భాగాన్ని మూయించుకోవచ్చు.

ఫిల్మును ముందే అచ్చు వేయించి, తరువాత యంత్రం కోసం వెతకడం నష్టదాయకం. ఫిల్ము వెడల్పు కాలర్‌పై ఆధారపడుతుంది. ప్యాకెట్ పొడవును అచ్చులోని గుర్తు చూసి ఫోటో సెల్ కోస్తుంది. యంత్రం, ఫిల్ము కొలతలు ఒకేసారి నిర్ణయించాలి. తయారీ నెల, సంవత్సరం, బ్యాచ్ నంబరు, గరిష్ఠ చిల్లర ధర, గ్రాము ధర అచ్చు వేసే కోడర్ యంత్రంతో కలిసి పనిచేస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

కారం, పసుపు ఒకే యంత్రంలోనా?

ఒకే యంత్రంలో ఉదయం కారం, మధ్యాహ్నం పసుపు ఆడించడం వీలయ్యే పనే. కానీ పసుపు ప్యాకెట్‌లో రెండు ఎర్రని రేణువులు కనిపిస్తే కొన్నవారు కల్తీ అంటారు. హాపర్, స్క్రూ, గొట్టం పనిముట్లు లేకుండా ఊడివచ్చేలా వుండాలి. పొడి తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కావాలి. వీలైతే పసుపుకు వేరే హాపర్, స్క్రూ వుంచుకోవడం ఉత్తమం. ఉప్పు కలిసిన మసాలా పొడులు తేమను త్వరగా లాగుతాయి కాబట్టి, వాటిని ఆడించిన రోజున శుభ్రం చేయకుండా వదిలితే మరునాడు స్క్రూ కదలదు.

ఎంత యంత్రం అవసరం?

రోజుకు రెండు మూడు క్వింటాళ్ళు మాత్రమే అమ్ముకునేవారు మొదటనే పూర్తి ఆటోమేటిక్ యంత్రానికి పోనవసరం లేదు. కాలితో నొక్కితే పొడి దించే ఆగర్, పక్కన బెల్టుపై సంచి మూతిని అతికించే బ్యాండ్ సీలర్ వుంటే ఇద్దరు ముగ్గురు మనుషులతో పని సాగుతుంది. మూడు క్వింటాళ్ళను 250 గ్రాముల ప్యాకెట్లుగా కడితే 1,200 ప్యాకెట్లు. నిమిషానికి 8 చొప్పున రెండున్నర గంటల పని. అదే మూడు క్వింటాళ్ళను 10 గ్రాముల ప్యాకెట్లుగా కట్టాలంటే 30,000 ప్యాకెట్లు కావాలి. ఇది చేతి పనితో అయ్యేది కాదు. దీనికి ఒకేసారి అనేక వరుసలు దించే యంత్రం అవసరం. కనుక యంత్రాన్ని నిర్ణయించేది రోజుకు ఎన్ని క్వింటాళ్ళన్నది కాదు, ఏ సైజు ప్యాకెట్ ఎక్కువగా అమ్ముడుపోతుందన్నది.

అడ్వాన్సు ఇచ్చే ముందు

హైదరాబాద్, అహమ్మదాబాద్, ఫరీదాబాద్, కోయంబత్తూర్ ప్రాంతాలలో ఈ యంత్రాల తయారీదారులు వున్నారు. ఎక్కడ కొన్నా, వారి దగ్గర వున్న పొడితో కాక సొంత మిల్లులో ఆడించిన కారంతో, సొంత ఫిల్ముతో ట్రయల్ అడగాలి. యాభై కిలోలు వెంట తీసుకుపోయి, గంటసేపు ఆపకుండా నడిపించాలి. హాపర్ నిండుగా వున్నప్పుడు, సగానికి దిగినప్పుడు, అడుగంటుతున్నప్పుడు వరుసగా 30 ప్యాకెట్ల చొప్పున తీసి, ముద్ర వేసిన కాంటాపై విడివిడిగా తూచి రాసుకోవాలి. సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. అన్నిటికన్నా తక్కువ తూగినది ఎంత, ఎక్కువ తూగినది ఎంత అన్నది చూడాలి. అవే ప్యాకెట్లను బకెట్ నీటిలో ముంచి చేత్తో నొక్కితే సీలు సంగతి బుడగలే చెబుతాయి.

ట్రయల్‌లో వచ్చిన తూకం తేడాను, వేగాన్ని ఆర్డరు కాగితంలోనే రాయించాలి. ఆఖరి వాయిదా సొమ్మును, యంత్రం వరంగల్‌లో బిగించి అదే ఫలితం చూపిన తరువాత చెల్లించేలా షరతు పెట్టుకోవాలి. హీటర్లు, దవడల పై గుడ్డ, కోత బ్లేడు, సెన్సార్లు ఒక్కొక్క జత అదనంగా తీసుకోవాలి. కొత్త కాయ జనవరి నుంచి యార్డుకు జోరుగా వస్తుంది కాబట్టి, దసరా నాటికి ట్రయల్, దీపావళి నాటికి ఆర్డరు పూర్తయితే సీజన్‌లోగా యంత్రాన్ని బిగించి, ఆపరేటర్‌కు చేయి తిరిగే వ్యవధి వుంటుంది.