4 ఓమ్‌ల స్పీకరు అడిగేది వాట్లు కాదు, ఆంపియర్లు

2.83 వోల్టులు. స్పీకర్ల స్పెసిఫికేషన్లు చదివేవాళ్లకు ఈ వింత అంకె పరిచయమే. 8 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులు ఇస్తే సరిగ్గా 1 వాట్ అవుతుంది, అందుకే దాన్ని కొలమానంగా పెట్టుకున్నారు. అదే వోల్టేజీ 4 ఓమ్‌ల స్పీకరుకు ఇస్తే 2 వాట్లు, 2 ఓమ్‌లైతే 4 వాట్లు లాగుతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు మనం పెంచేది వోల్టేజీ మాత్రమే. దానికి ఎంత కరెంటు లాగాలో స్పీకరే తేల్చుకుంటుంది.

8 ఓమ్‌లకని అమ్మిన హోమ్ థియేటర్ రిసీవరుకు 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించవచ్చా అని అడిగితే షాపులో ‘ఏం కాదు సార్, పెట్టేయండి’ అంటారు. కాస్త తెలిసిన మిత్రుణ్ని అడిగితే ‘పెట్టావో, రిసీవర్ పోయినట్టే’ అని భయపెడతాడు. ఇద్దరూ లెక్క వేయరు.

లెక్క పెద్దదేం కాదు. 8 ఓమ్‌ల స్పీకరుకు 100 వాట్లు ఇవ్వాలంటే 28.3 వోల్టులు, 3.5 ఆంపియర్లు కావాలి. అదే 28.3 వోల్టుల దగ్గర 4 ఓమ్‌ల స్పీకరు ఉంటే 7.1 ఆంపియర్లు, 200 వాట్లు. అయితే రిసీవరుకు అసలు ఇబ్బంది స్పీకరుకు చేరే 200 వాట్లతో కాదు, లోపలే వేడిగా మిగిలిపోయే వాట్లతో. చాలా రిసీవర్లలో ఉండేది క్లాస్ ఏబీ యాంప్లిఫయరు. దాని సప్లై ప్లస్ 45, మైనస్ 45 వోల్టులనుకుందాం. 8 ఓమ్‌ల లోడ్‌తో ఒక్కో చానెల్లో గరిష్ఠంగా 51 వాట్ల వేడి పుడుతుంది, 4 ఓమ్‌లతో 103 వాట్లు. ఐదు చానెళ్లూ ఒకేసారి ఆ స్థితికి వస్తే 256 వాట్ల చోట 513 వాట్లు. ఆ గరిష్ఠ వేడి ఫుల్ వాల్యూమ్‌లో రాదు, పూర్తి పవర్‌లో దాదాపు 40 శాతం దగ్గర వస్తుంది. ఇదంతా లోడ్ మామూలు రెసిస్టర్ అనుకుని వేసిన లెక్క. అసలు స్పీకర్లో వోల్టేజీ, కరెంటు ఒకదానితో ఒకటి కలిసి నడవవు కాబట్టి వేడి ఇంకా పెరుగుతుంది.

మరి స్పీకరు వెనక రాసిన ఓమ్‌లను నమ్మవచ్చా? ఐఈసీ 60268-5 ప్రమాణం ప్రకారం ఇంపిడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే ఆ ఓమ్‌ల విలువ) ఎక్కడా రేటింగ్‌లో 80 శాతానికి దిగకూడదు. అంటే 8 ఓమ్‌ల స్పీకరు 6.4 కన్నా, 4 ఓమ్‌లది 3.2 కన్నా తగ్గకూడదు. బజారు తీరు వేరు. కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పెసిఫికేషన్‌లో 8 ఓమ్‌లు, కనిష్ఠం 3.5 అని ఉంటుంది. బోవర్స్ అండ్ విల్కిన్స్ 802 డీ4ది 8 ఓమ్‌లు, కనిష్ఠం 3. వీళ్లు కనీసం కనిష్ఠాన్ని కూడా అచ్చేస్తున్నారు, అందుకు మెచ్చుకోవాలి. చాలా కంపెనీలు అది కూడా చెప్పవు. ‘నావి 8 ఓమ్‌ల స్పీకర్లే, నాకేం బెంగ’ అనుకునేవాళ్లలో కొందరు ఇప్పటికే 4 ఓమ్‌ల స్పీకర్లను నడుపుతున్నారన్నమాట.

కనిష్ఠం ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందో కూడా చూడాలి. మార్టిన్‌లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్ 6 ఓమ్‌ల స్పీకరు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6కి దిగుతుంది. చూడ్డానికి భయమేస్తుంది గానీ, ఆ ఎత్తులో సంగీతంలో ఉండే శక్తి చాలా తక్కువ. డప్పు, డ్రమ్స్, బాంబు పేలుళ్లు ఉండే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 3 ఓమ్‌లకు దిగే స్పీకరే రిసీవరును ఎక్కువ సతాయిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మన హాల్లో, మనం వినే వాల్యూమ్‌లో ఎన్ని ఆంపియర్లు కావాలి? 4 ఓమ్‌ల స్పీకరు, సెన్సిటివిటీ 2.83 వోల్టులకు మీటరు దూరంలో 87 డెసిబెల్స్ అనుకుందాం. (నిజానికి అది 2 వాట్లకు వచ్చిన అంకె. 1 వాట్‌కు 84 మాత్రమే. 4 ఓమ్‌ల స్పీకరు సెన్సిటివిటీ చూసి మురిసిపోయే ముందు 3 తీసేయండి.) సోఫా 3 మీటర్ల దూరంలో ఉంది. ఆరుబయట అయితే 9.5 డెసిబెల్స్ పోతాయి. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి నష్టం 6 అనుకుంటే, సోఫా దగ్గర 81 మిగులుతాయి.

సినిమా థియేటర్ ప్రమాణంలో ఒక్కో ప్రధాన చానెల్ శిఖరం 105 డెసిబెల్స్. సరిగ్గా క్యాలిబ్రేట్ చేసిన రిసీవర్లో వాల్యూమ్ ‘0’ అంటే అదే. 81 నుంచి 105కి 24 డెసిబెల్స్ ఎక్కాలి, అంటే వోల్టేజీ దాదాపు 16 రెట్లు: 45 వోల్టులు, 11.2 ఆంపియర్లు, 500 వాట్లు. హాల్లో పెట్టుకునే మామూలు రిసీవర్ వల్ల అయ్యే పని కాదు. కానీ ఇంట్లో ‘0’ దగ్గర సినిమా చూసేదెవరు? మైనస్ 10 దగ్గర 14.2 వోల్టులు, 3.5 ఆంపియర్లు, 50 వాట్లు చాలు. పైన 8 ఓమ్‌లకు 100 వాట్ల లెక్కలో వచ్చిన కరెంటే ఇది. పిల్లలు పడుకున్నాక మైనస్ 20కి తగ్గిస్తే 4.5 వోల్టులు, 1.1 ఆంపియర్, 5 వాట్లే. కాబట్టి ‘4 ఓమ్‌లు పెట్టవచ్చా’ అన్న ప్రశ్నకు జవాబు మీ వాల్యూమ్ డిస్‌ప్లే మీదే ఉంది.

స్పెసిఫికేషన్ షీటు మాత్రం ఈ విషయంలో సాయపడదు. డెనాన్ ఏవీఆర్-ఎక్స్3800హెచ్‌నే తీసుకోండి. 8 ఓమ్‌లకు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.08 శాతం డిస్టార్షన్‌తో, రెండు చానెళ్లు నడిపితే 105 వాట్లు. 6 ఓమ్‌లకు, ఒక్క 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, ఒకే చానెల్ నడిపితే 180 వాట్లు. డబ్బా అదే, సప్లై అదే, మారింది షరతులే. 10 శాతం డిస్టార్షన్ అంటే చెవికి తెలిసేంత పగిలిన శబ్దం. అమెరికాలో ఎఫ్‌టీసీ 2024లో యాంప్లిఫయర్ నిబంధనను సవరించి 8 ఓమ్‌లు, పూర్తి ఫ్రీక్వెన్సీ శ్రేణి, 1 శాతం లోపు డిస్టార్షన్ అని షరతులు బిగించడానికి కారణం ఇలాంటి అంకెల గారడీయే. నేనైతే ఒక్కటే చూస్తాను: ఒకే షరతులతో 8 ఓమ్‌లకూ 4 ఓమ్‌లకూ వాట్లు రాశారా? 100కు ఎదురుగా 160, 180 కనిపిస్తే సప్లై గట్టిది. 4 ఓమ్‌ల గడే లేకపోతే ఆ మౌనాన్నే జవాబుగా తీసుకుంటాను.

ఇక రిసీవర్ మెనూలో ఉండే ఇంపిడెన్స్ సెట్టింగ్ సంగతి. యమహా రిసీవర్లు చాలావాటిలో ఇది 8 ఓమ్‌ల మీద ఉండి వస్తుంది. 6కి మారిస్తే ముందు స్పీకర్లుగా 4 ఓమ్‌లవి పెట్టుకోవచ్చని మాన్యువల్ చెబుతుంది. ఇలాంటి సెట్టింగు సాధారణంగా అందే వోల్టేజీని తగ్గించి వేడిని అదుపులో పెడుతుంది. 28 వోల్టులు రావలసిన చోట 20 వస్తే వాట్లు సగమైపోతాయి, పెద్ద శబ్దాల దగ్గర క్లిప్పింగ్ (వోల్టేజీ చాలక అలల కొసలు తెగడం) ముందే మొదలవుతుంది. అందుకే చాలామంది దాన్ని ముట్టుకోరు. శబ్దం వరకు వాళ్ల మాట నిజమే, కానీ వారంటీ కాగితం మాన్యువల్ పక్షాన ఉంటుంది.

నిజంగా పనికొచ్చేది క్రాసోవర్. స్పీకర్లను ‘స్మాల్’ చేసి 80 హెర్ట్జ్ దగ్గర కోసేస్తే, కింది బేస్ బరువంతా సొంత యాంప్ ఉన్న సబ్ వూఫర్ మోస్తుంది. తర్వాత గాలి. చాలా మాన్యువళ్లలో పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. మన మే నెలలో, గాజు తలుపు వేసిన టీవీ యూనిట్ లోపల ఆ గీత పొద్దున్నే దాటేస్తుంది. పైన జానెడు ఖాళీ లేకపోతే 8 ఓమ్‌ల స్పీకర్లతో కూడా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోవచ్చు. సీలింగులో రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే టెర్మినల్‌కు ప్యారలల్‌గా కలిపితే అది 4 ఓమ్‌లు, నాలుగు కలిపితే 2. ఎలక్ట్రీషియన్ ఈ సంగతి అడగడు, మనమే చెప్పాలి.

మైనస్ 5 దగ్గరే సినిమా చూస్తానంటే ప్రీ-అవుట్ (బయటి యాంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్) ఉన్న రిసీవర్ కొని, ముందున్న మూడు చానెళ్లకు విడిగా పవర్ యాంప్ పెట్టుకోవడమే దారి. 29 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంప్‌కు ప్రీ-అవుట్ నుంచి 1 వోల్ట్ అందితే బయటికి 28 వోల్టులొస్తాయి, 4 ఓమ్‌ల మీద 200 వాట్లు. రిసీవర్లో మిగిలిన చానెళ్లను నడిపే సప్లై ఊపిరి పీల్చుకుంటుంది.

యాంప్‌కు లక్ష పెట్టి వైరు దగ్గర పీనాసితనం చూపేవాళ్లూ ఉన్నారు. 10 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానుపోను 0.23 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకరుకు వెళ్లే వోల్టేజీలో 2.8 శాతం అందులోనే పోతుంది, 4 ఓమ్‌లకైతే 5.4 శాతం. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఈ 5.4 కాస్తా 3.3కి దిగుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగకు నిరోధం రాగి కన్నా ఒకటిన్నర రెట్లు. కొనేటప్పుడు కొస గోకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు.