మీద ఒలికిన చాయ్‌కి జవాబుదారీ ఎవరు?

హోటల్‌లో సర్వర్ చేయి జారి వేడి చాయ్ కస్టమర్ ఒంటి మీద పడి చర్మం కాలితే, చట్టం దృష్టిలో అది సేవాలోపం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్ ఈ సంగతి సూటిగానే చెబుతుంది. సేవ అందించేవారి నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకు నష్టం గానీ గాయం గానీ జరిగితే అది కూడా లోపం కిందికే వస్తుంది. ఈ చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. డ్యూటీలో ఉన్న పనివాడి పొరపాటుకు యజమానే బాధ్యుడన్నది అంతకన్నా చాలా పాత సూత్రం. ‘కొత్త కుర్రాడు, మొన్ననే చేరాడు’ అనే మాట కౌంటర్ దగ్గర చెల్లవచ్చు గానీ వినియోగదారుల కమిషన్ ముందు చెల్లదు.

తూర్పు హైదరాబాద్‌లో ఈ ప్రమాదానికి అవకాశం ఎక్కువ. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు పెట్టింది పేరు. క్లాసు వదలగానే విద్యార్థులంతా ఒక్కసారిగా చాయ్ దుకాణాల ముందు చేరతారు. సగం మంది ఫుట్‌పాత్ మీదే నిలబడి తాగుతారు. ఇరానీ హోటల్లో సర్వర్ నాలుగైదు కప్పులూ సాసర్లూ ఒకేసారి పట్టుకుని ఇరుకు టేబుళ్ల మధ్య నడుస్తాడు. ఎల్‌బీనగర్ చౌరస్తా తీరు వేరు. విజయవాడ వైపు, నాగార్జునసాగర్ వైపు వెళ్లే బస్సుల కోసం జనం అక్కడ సామాన్లతో, పిల్లలతో నిలబడి ఉంటారు. చాయ్ పల్చటి కాగితం కప్పులోనో, మూతికి దారం చుట్టిన ప్లాస్టిక్ కవర్లోనో చేతికి వస్తుంది. కవర్ పిగిలినా, కప్పు నలిగినా వేడి చాయ్ నేరుగా తొడ మీదో, ఒళ్లో ఉన్న పిల్లల మీదో పడుతుంది.

పొయ్యి మీద మరిగే చాయ్ కప్పులో పోసేసరికి ఇంకా 80 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉండవచ్చు. 60 డిగ్రీల ద్రవం పెద్దవారి చర్మాన్ని సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చగలదు. 70 డిగ్రీల దగ్గర అందుకు ఒక్క సెకను చాలు. పిల్లల చర్మం పల్చన కాబట్టి వారికి ఇంకా తక్కువ సమయం పడుతుంది. బట్ట తడిసి ఒంటికి అంటుకుంటే వేడి వదలదు. వెంటనే తడిసిన బట్ట తీసేసి, కాలిన చోట 20 నిమిషాల పాటు కుళాయి నీరు ధారగా పోయాలి. టూత్‌పేస్ట్, పసుపు, ఐస్ వద్దు. అవి గాయానికి హాని చేస్తాయి, డాక్టర్ గాయం లోతు అంచనా వేయడానికీ అడ్డుపడతాయి.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. చాయ్ వేడిగా ఉండటం తప్పు కాదు, చల్లారిన చాయ్‌కి ఎవరూ డబ్బులివ్వరు. చాయ్ ఇన్ని డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని మన చట్టం ఎక్కడా పరిమితి పెట్టలేదు. వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు సంబంధించిన 87వ సెక్షన్ అయితే, అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును తప్పుపట్టడానికి వీల్లేదంటుంది. ‘చాయ్ మరీ వేడిగా ఉంది’ అన్నంత మాత్రాన ఫిర్యాదు నిలబడదు. ఆ వేడిని ఎవరు, ఎంత అజాగ్రత్తగా చేతికందించారన్నదే నిలబడే ప్రశ్న. పిల్లవాడి తల మీదుగా ట్రే దాటించారా, మూత సరిగా బిగించకుండా పార్సిల్ ఇచ్చారా, నలిగిపోయే కప్పులో అంచుదాకా పోశారా, తడి నేల తుడవకుండా వదిలేశారా అన్నది చూస్తారు. కస్టమర్ మోచేయి తగిలి కప్పు బోర్లా పడితే మాత్రం హోటల్ తప్పు చూపడం కష్టం.

విదేశీ కోర్టులు కూడా ఈ గీత దగ్గరే తలో దారి పట్టాయి. 1992 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆల్బుకర్కీలో 79 ఏళ్ల స్టెల్లా లీబెక్ ఆగి ఉన్న కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పు మూత తీయబోతే కాఫీ ఒళ్లో ఒలికింది. చర్మం లోతుగా కాలి, వేరేచోటి చర్మం తీసి అతికించాల్సి వచ్చింది. ఆమె మొదట 20,000 డాలర్లు అడిగితే కంపెనీ 800 ఇస్తానంది. ఆ కాఫీని 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఉంచుతున్నారనీ, అంతకుముందు పదేళ్లలో 700కు పైగా కాలిన గాయాల ఫిర్యాదులు కంపెనీకి అందాయనీ విచారణలో బయటపడింది. 1994లో జ్యూరీ నష్టపరిహారం 2 లక్షల డాలర్లుగా లెక్కకట్టి, ఆమె తప్పు 20 శాతం ఉందని 1.6 లక్షలకు తగ్గించింది. శిక్షగా మరో 27 లక్షల డాలర్లు వేసింది. జడ్జి ఆ శిక్షను 4.8 లక్షలకు కుదించాడు. చివరికి ఇరుపక్షాలు రాజీపడ్డాయి. లక్షల డాలర్ల సంగతి ప్రపంచమంతా తెలిసింది గానీ ఆ 20 శాతం కోత సంగతి ఎవరికీ పెద్దగా గుర్తులేదు. లండన్ హైకోర్టు 2002లో అదే కంపెనీ మీద వచ్చిన ఇలాంటి దావాలో బాధితులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జనం వేడి కాఫీయే కోరుకుంటారని, కప్పులూ మూతలూ సరిగానే ఉన్నాయని తేల్చింది. మన న్యాయవిధానం ఇంగ్లండ్ సంప్రదాయం నుంచి వచ్చిందే కాబట్టి ఇక్కడి హోటళ్ల లాయర్ల వాదన కూడా అలాగే ఉంటుందని అనుకోవాలి.

బిల్లు కట్టినవారే ఫిర్యాదు చేయాలని లేదు. స్నేహితుడు చాయ్ తాగించినా, తాగినవారూ చట్టప్రకారం వినియోగదారులే. డబ్బు చెల్లించినవారి సమ్మతితో సేవ పొందినవారందరికీ ఆ హోదా ఉంది. మైనర్ల తరఫున తల్లిదండ్రులో సంరక్షకులో ఫిర్యాదు చేయవచ్చు. హోటల్లో పనిచేస్తూ కాలిన కుర్రాడి దారి మాత్రం వేరు. అతను వినియోగదారు కాదు కాబట్టి ఉద్యోగుల పరిహారానికి సంబంధించిన కార్మిక చట్టాన్ని ఆశ్రయించాలి. నిజానికి ఆ వృత్తిలో ఎక్కువగా కాలేది ఆ చేతులే.

ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది కస్టమర్ కట్టిన ధరను బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. వింతగా తోచినా ఈ పద్ధతి సరైనదేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సమర్థించింది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 20 రూపాయల చాయ్‌కి 10 లక్షల పరిహారం అడిగినా జిల్లా కమిషనే వింటుంది, పైసా ఫీజు ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల అంచున ఉంది. ఎల్‌బీనగర్ రంగారెడ్డి జిల్లాలోది. ఈ సరిహద్దు గురించి కంగారుపడక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లో కూడా కేసు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ అంటుంది. సూర్యాపేట నుంచి కోచింగ్‌కు వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కాలిన విద్యార్థి తరఫున సొంత ఊరు ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. కావాలంటే మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్లు.

చట్టం అనుకూలంగా ఉన్నా, ఇలాంటి కేసులు ఎక్కువగా రుజువు లేకే వీగిపోతాయి. చాయ్ దుకాణంలో బిల్లు అడిగేవారు తక్కువ. యూపీఐతో చెల్లించి ఉంటే ఆ లావాదేవీ నమోదే తేదీకి, సమయానికి సాక్ష్యం. బిల్లు ఉంటే దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబర్ ఉండాలి. బోర్డు మీద పేరు ఒకరిదై యజమాని మరొకరైనప్పుడు అసలు బాధ్యులను పట్టుకోవడానికి ఆ నంబర్ పనికొస్తుంది. గాయాన్ని, తడిసిన బట్టలను, కప్పును, మూతను అదే రోజు ఫొటో తీయాలి. ఆ తర్వాత బొబ్బలు మారే తీరును కూడా తీస్తూ ఉండాలి. ఆస్పత్రిలో ‘చాయ్ పడి కాలింది’ అని మాత్రమే కాక, ఎక్కడ, ఎవరి చేతి నుంచి పడిందో కూడా రాయించాలి. కాలిన గాయం పెద్దదైతే ఉస్మానియా వంటి ప్రభుత్వ ఆస్పత్రిలో దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు. సాక్ష్యంగా ఆ కాగితానికి మంచి బరువు ఉంటుంది.

సీసీటీవీ సంగతికి వస్తే ఈ ప్రాంతానికి ఒక చేదు చరిత్ర ఉంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు భద్రపరచాలంటూ ప్రజా భద్రత చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఉగ్రవాదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు చాయ్ కేసుకూ అక్కరకొస్తుంది. ఫలానా తేదీ, ఫలానా సమయం రికార్డింగ్ చెరపవద్దని వారంలోగా రాతపూర్వకంగా, వీలైతే రిజిస్టర్డ్ పోస్టులో కోరాలి. ఆ తర్వాత రికార్డింగ్ మాయమైతే అది హోటల్ మెడకే చుట్టుకుంటుంది.

ప్రమాదం జరిగిన వెంటనే యజమాని బర్నాల్ పూసి, ఐదారు వందలు చేతిలో పెట్టి, ‘ఇక ఏ క్లెయిమ్ లేదు’ అనే కాగితం మీద సంతకం అడగవచ్చు. డబ్బు తీసుకోవడంలో తప్పులేదు. సంతకం మాత్రం గాయం లోతెంతో తేలేదాకా పెట్టకూడదు. గోడ మీద ‘ఏ ప్రమాదానికీ యాజమాన్యం బాధ్యత వహించదు’ అనే బోర్డు ఉంటే దానికి బెదరనక్కర్లేదు. పార్కింగ్‌కు ఇచ్చిన కారు పోయిన తాజ్‌మహల్ హోటల్ కేసులో, హోటల్ నిర్లక్ష్యం కనిపించినప్పుడు ‘ఓనర్స్ రిస్క్’ అనే షరతు దాన్ని కాపాడదని సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో తేల్చింది. ఆ తర్కం చాయ్ హోటల్ బోర్డుకూ సరిపోతుంది.

పరిహారంలో వైద్యం ఖర్చు, పోయిన జీతం లేదా చదువు, నొప్పి, మచ్చ మిగిల్చిన బాధ, కేసు ఖర్చులు అన్నీ అడగవచ్చు. శిక్షగా అదనపు మొత్తం వేసే అధికారం కూడా వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. అయితే ఇక్కడ జ్యూరీలు లేవు, అమెరికా అంకెలు ఊహించుకోవద్దు. రసీదులున్న ఖర్చు రాబట్టడం తేలిక, లేనిది కష్టం. పెద్ద మచ్చ, వైకల్యం మిగిలిన కేసుల్లో సివిల్ కోర్టులో నష్టపరిహార దావా వేసే దారి కూడా ఉంది. ఎల్‌బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం ఈ ప్రాంతంవారికి దగ్గరే. అక్కడ కోర్టు ఫీజు కట్టాలి, కాలమూ ఎక్కువ పడుతుంది. ఏ దారిలో వెళ్లినా చాయ్ బండి మీద కేసు గెలవడం సాధ్యమే, వసూలు చేయడమే అసాధ్యానికి దగ్గర.

పోలీసు కేసు ఇంకో దారి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో గాయపరిస్తే 6 నెలల దాకా, గాయం తీవ్రమైతే 3 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ముఖం శాశ్వతంగా వికృతమైనా, 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, అన్ని రోజులూ రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. అయితే కేసు సర్వర్ మెడకు చుట్టుకుని యజమాని తప్పించుకునే వీలుంది. డబ్బు రావాల్సిన చోట జైలు అడగడం చాలాసార్లు గురి తప్పిన బాణమే.

ఆహార భద్రత చట్టంలోని పరిహారం సెక్షన్ హానికరమైన ఆహారానికి సంబంధించినది, ఒలికిన చాయ్‌కి పనికిరాదు. యాప్ ద్వారా తెప్పించుకున్న పార్సిల్ లీకై కాలితే హోటల్‌ను, యాప్‌ను రెండింటినీ ప్రతివాదులుగా చేర్చడం మేలు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి విదేశానికి వెళ్లే విమానంలో కాఫీ ఒలికితే మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. అక్కడ ఎయిర్‌లైన్ నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిన పని కూడా ఉండదు. విమానంలో చిన్నారి మీద కాఫీ పడిన కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 డిసెంబర్‌లో దాన్ని ‘ప్రమాదం’గానే గుర్తించింది.

ఫిర్యాదుకు ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, హోటల్‌కు లీగల్ నోటీసు ఇవ్వవచ్చు. రెండూ తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. నోటీసు అందాక హోటల్ 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ గడువు దాటితే జవాబు స్వీకరించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. మూడు నెలల్లో కేసు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది, వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఇష్టమైతే మధ్యవర్తిత్వానికి పంపుతారు. ఓడినవారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. హోటల్ అప్పీలుకు వెళ్తే ముందుగా సగం సొమ్ము జమచేయాలి. ఉత్తర్వును పాటించకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడతాయి.