టైరు కొనుగోలులో నిజమైన చౌక

“కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి” యను సామెత రైతునకు క్రొత్తది కాదు. విత్తనములు, ఎరువులు, పురుగు మందులు మాత్రమే గాక, సరుకు మోయు బండి టైర్లు కూడ నేడు ఆ కొరివిలో చేరినవి. రైతులలో పలువురు పికప్ బండ్లను, చిన్న లారీలను, జీపు వంటి వాహనములను ఉంచుకొని మదనపల్లె టమాటా మార్కెట్టుకును, గుంటూరు మిర్చి యార్డుకును, నిజామాబాదు పసుపు మార్కెట్టుకును సరుకు చేరవేయుచున్నారు. నాలుగు టైర్లను ఒకేమారు మార్చవలసి వచ్చినచో, ఆ నెల ఇంటి ఖర్చులకే ఎసరు వచ్చును. కావున చౌక టైరును వెదకుట తప్పు గాదు. అయితే ఎచ్చట పొదుపు చేయవచ్చునో, ఎచ్చట చేయరాదో తెలిసికొని అంగడికి పోవలెను.

ధరయే లెక్క కాదు

అంగడిలో చెప్పిన ధర సగము లెక్క మాత్రమే. ఆ టైరు ఎంత దూరము నడచునన్నది తక్కిన సగము. ఒక టైరు ధర 5,000 రూపాయలనియు, అది 25,000 కిలోమీటర్లు నడచుననియు అనుకొందము. వేరొకటి 7,000 రూపాయలకు దొరకి, 50,000 కిలోమీటర్లు నడచుననుకొందము. మొదటిదానికి వేయి కిలోమీటర్లకు 200 రూపాయలును, రెండవదానికి 140 రూపాయలును పడును. ఎక్కువ ధర పెట్టినదే ఇచ్చట చౌక. ఈ అంకెలు లెక్క చూపుటకు మాత్రమే. ఏ టైరు ఎంత నడచినదో, మీ దారిలోనే అట్టి బండిని, అంతే బరువుతో నడుపు పొరుగు రైతుల నడిగి తెలిసికొనుడు. అయితే ఏడాదికి కొద్ది దూరమే తిరుగు బండికి మిక్కిలి ఖరీదైన టైరు అక్కరలేదు. అది అరుగుటకు ముందే రబ్బరు ముదిరి పగుళ్లు వారును.

టైరు ప్రక్కనున్న వ్రాత

ప్రతి టైరు ప్రక్క భాగమునను దాని జాతకము అచ్చు వేయబడి యుండును. “215/75 ఆర్ 15, 100 ఎస్” అని యున్నదనుకొనుడు. 215 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో; 75 అనగా ప్రక్క భాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు; ఆర్ అనగా రేడియలు; 15 రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. తరువాతి 100 అన్నది భారసూచిక. అట్టి టైరు ఒక్కొక్కటి 800 కిలోలు మోయగలదు. ఎస్ అను అక్షరము వేగసూచిక. గంటకు 180 కిలోమీటర్లు దాని పరిమితి.

రైతు ముఖ్యముగా చూడవలసినది భారసూచిక. వెనుక ఇరుసునకు రెండే టైర్లున్నచో, పై లెక్క ప్రకారము అవి రెండును కలిసి 1,600 కిలోలకు మించి మోయరాదు. అందులో సరుకుతో పాటు బండి సొంత బరువు కూడ చేరును. కొలత ఒక్కటే యైనను భారసూచిక వేరు వేరుగా నుండవచ్చును. బండితో వచ్చిన పుస్తకములో చెప్పినదానికంటె తక్కువ సూచిక గల టైరును, ఎంత చౌకగా వచ్చినను, కొనరాదు.

తయారైన తేదీని కూడ చూడుడు. నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2324 అనగా 2024లో 23వ వారము. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో గమనింపుడు.

పాత టైర్లు, రీట్రెడింగు

నల్లరంగు పూసి మెరయించిన పాత టైరును చూచి మోసపోరాదు. లోపలి పొరలలో తెగిన దారములు, ఉబ్బులు పైకి కనబడవు. గాడుల మధ్య నుండు చిన్న దిమ్మలు 1.6 మిల్లీమీటర్ల లోతును సూచించును. రబ్బరు వాటితో సమమైన నాడు ఆ టైరు పని ముగిసినట్లే. మంచి కంపెనీ టైరు, లోపలి కట్టు దెబ్బతిననిది, మీ యొద్దనే అరిగినదైనచో, దానికి రీట్రెడింగు చేయించుట న్యాయమైన పొదుపే. అట్టిదానిని వెనుక చక్రములకే వాడవలెను గాని, బండిని త్రిప్పు ముందు చక్రములకు వాడరాదు.

కొనునప్పుడును, కొనిన తరువాతను

2025 సెప్టెంబరు 22 నుండి క్రొత్త టైర్లపై జి.యస్.టి. నూటికి 28 నుండి 18కిని, ట్రాక్టరు టైర్లు, ట్యూబులపై 18 నుండి 5కును తగ్గినది. ఆ తగ్గింపు బిల్లులో కనబడవలెను. బిల్లు లేని బేరమునకు పూచీ యుండదు. ఒకే కొలత టైర్లు కావలసిన సభ్యులు కొందరు కూడి, రెండు మూడు అంగళ్లలో ధర విచారించి, ఒకేమారు కొన్నచో బేరము కుదురును. సహకారమునకు ఇది తగిన పని.

ఒకే ఇరుసునకు రెండు టైర్లును ఒకే రకమువి కావలెను. రెండే కొనగలిగినచో క్రొత్తవి వెనుకకు వేయుట మేలు. వానలో వెనుకభాగము జారుట తగ్గును. ఉదయము టైరు చల్లగా నున్నప్పుడే గాలి చూడుడు. నిండు బరువునకు ఎంత గాలి కావలెనో ఆ పుస్తకములోనే యుండును. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టునకును వంగి వేడెక్కును. నడివేసవి రోడ్డుపై ఆ వేడియే దానిని పేల్చును.

త్రోవలో టైరు పేలినచో పోవునది టైరు మాత్రమే కాదు. టమాటా ఎండకు చెడును. వేలము వేళ తప్పును. బండిలోని వారి ప్రాణములకే ముప్పు. కావున సభ్యులారా! పొదుపు బేరములో చేయుడు, కొనుగోలు కలిసి చేయుడు, గాలి వేళకు చూచుకొనుడు. భారసూచికలో మాత్రము ఒక్క అంకెయైనను తగ్గింపకుడు.